రూపకర్తయు నేతగాడును
(గూడెం కొత్తవీధిలో గిరిజన యువజనులును, మైదానపు నేతపనివారును, రూపకల్పనాభ్యాసకులును కూడిన సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ కొండలలో శీతకాలమున దుప్పటి విలువను గూర్చి యెవరును ఉపన్యసింప నక్కఱలేదు. చింతపల్లి, లంబసింగి ప్రాంతములయందు ఉష్ణమానము సున్న డిగ్రీల దరిదాపులకు దిగు దినములు గలవు. కప్పుకొను దుప్పటియు, పఱచుకొను జంపఖానాయు, చలిగాలి నాపు వాకిటి తెఱయు నిచ్చట విలాసవస్తువులు గావు. అయినను గృహవస్త్రములను మాట నేడు పట్టణములయందు వేఱొక యర్థమున వాడబడుచున్నది. కిటికీ తెఱలు, దిండు గలీబులు, బల్లపై పఱచు గుడ్డలు, పాన్పు కప్పులు - వీనిని గోడల రంగునకు సరిపడునట్లు వెదకి కొనువారు బయలుదేఱినారు. వారికొఱకు నమూనాలు గీయు రూపకర్తలు కళాశాలలనుండి యేటేట వెలువడుచున్నారు. డిజైనర్లన్న మాటయే మీకు పరిచితమైనది. వారిలో కొందఱు మరమగ్గమును విడిచి చేమగ్గమును వెదకికొనుచు పల్లెలకు వచ్చుచున్నారు. చేతిరాట్నపు నూలు, చెట్ల రంగులు, నేలకును నీటికిని చేటుచేయని వస్త్రము తమ యాదర్శములని చెప్పుచున్నారు. మంచిదే. ఈ కలయికవలన నెవరికేమి లభించుచున్నది, ఎవరేమి కోల్పోవుచున్నారు అను ప్రశ్నను మీ ముందుంచుటకు వచ్చితిని. నేను నేతగాడను గాను, రూపకర్తను గాను. గుడ్డను కొనువాడను, కొనిన గుడ్డ యెచ్చటనుండి వచ్చెనో విచారించు నలవాటు గలవాడను.

గూడెం కొత్తవీధి నేతకు బేరొందిన చోటు గాదు. కాఫీకిని, మిరియమునకును, పసుపునకును బేరొందినది. ఇచ్చట నీ ప్రసంగమేల యని మీలో గొందఱు తలపవచ్చును. మీ కాఫీవలననే ఈ విషయము మీకు సులభముగా బోధపడునని నా తలంపు. 2019లో మన మన్యపు కాఫీకి అరకు వ్యాలీ అరబికా యను పేర భౌగోళిక సూచిక లభించినది. ఆ పేరులో గూడెము లేదు, చింతపల్లి లేదు. వెండి ఓకు చెట్ల నీడలో మీరు కోసిన పండు వేఱొక ఊరి పేరు దాల్చి సముద్రములు దాటుచున్నది. అరకు పేరు మోయుటచే మీ గింజకును గిరాకి కలిగియుండవచ్చును, దాని నాక్షేపింపను. కాని వస్తువు దూరమైనకొలది దానిని చేసిన చేతి పేరు చెఱగిపోవుననుటకు మీకు వేఱు దృష్టాంతము కావలెనా? గుడ్డ విషయమున నిది మూడు నాలుగు వందల యేండ్లుగా జరుగుచున్న కథ.

ఆ కథ మన మచిలీబందరులో మొదలైనది. రూపకర్త యొకచోటను, పనివాడు వేఱొకచోటను ఉండి గృహవస్త్రములు తయారుచేయు పద్ధతి నిన్న మొన్న పుట్టినది కాదు. 17వ శతాబ్దిలో ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీవారు బందరు తీరపు అద్దకపు దుప్పట్లను తమ దేశమునకు గొనిపోవుచుండిరి. పాన్పుమీది కప్పుకు పారసీకములో పలంగుపోషు అని పేరు. అదియే వారి నోట పాలంపోరైనది. మనవా రద్దునది ఎఱ్ఱని నేలపై పూలు. లండను నగరపు కొనుగోలుదారులకు తెల్లని నేల కావలసివచ్చెను. అటుపై కంపెనీ పెద్దలు తమ కిష్టమైన నమూనాలను ఓడలపై నిచ్చటికి పంపసాగిరి. కృష్ణా ముఖద్వారపు చిరివేరుతో నెఱుపు దీసి, నీలితో నీలము దీసి, మైనము పూసి, కలముతో గీసి మన అద్దకపువారు ఆ నమూనాలను తిరిగి తమ చేతిలోనికి దెచ్చుకొనిరి. గుట్టపైనుండి లేచి కొమ్మకొమ్మకును వేఱువేఱు పువ్వు పూయు నా వృక్షము ఏ దేశపుదని చెప్పగలము? పారసీక చిత్రమున గొంత, చీనా పింగాణిపై గొంత, ఆంగ్లేయుల కుట్టుపనిలో గొంత గలదు. అది నిలిచిన నేల మాత్రము మన బందరు నేల. ఆ దుప్పట్లు నేటికిని లండనులోని విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలలో రంగు తఱుగక నున్నవి.

కాని వానిలో నొక్కదాని క్రిందనైన అద్దినవాని పేరు లేదు. ఓడ పేరు తెలియును, కంపెనీ పేరు తెలియును, వ్రాలు చేసిన గుమాస్తా పేరు తెలియును. దళారి యిచ్చిన బయానాతో బద్ధుడై పనిచేసినవాని పేరు లెక్కలలోని కెక్కలేదు. తుద కేమైనది? ఈ గుడ్డల మోజు తమ ఉన్ని, పట్టు పనివారి నోట మన్ను గొట్టుచున్నదని అచ్చట గగ్గోలు పుట్టి, 1700లో నొకటియు 1720లో నొకటియు శాసనములు చేసి అద్దకపు గుడ్డను తమ ఇండ్లలోనికి రానీయకుండ నిషేధించిరి. మెచ్చుకొనిన చేతనే తలుపు మూసిరి. ఆ నమూనా పంపినవానికి కలిగిన నష్టమేమి? వేఱొక వ్యాపారము చూచుకొనెను. నమూనా ననుసరించి చేతిని మలచుకొనినవానికి వేఱొక చేయి లేదు. నేటి రూపకర్తలలో సహృదయులు పెక్కురు గలరు. వారిని కంపెనీవారితో పోల్చుట న్యాయము గాదు. అయినను ఆ యసమత మాత్రము, అనగా ఒకనికి ప్రయోగమైనది యొకనికి జీవనమగుట, నాటికిని నేటికిని చెక్కు చెదరలేదు.

ఇక స్వదేశి సంగతి. 1905 ఆగస్టు 7న కలకత్తా పురమందిరమున విదేశవస్త్ర బహిష్కార తీర్మానము జరిగినది. ఆ దినమునే 2015 నుండి జాతీయ చేనేత దినముగా జరుపుకొనుచున్నాము. ఈ మన్యమునకు ఖద్దరు సందేశము అల్లూరి శ్రీరామరాజుగారి నోట వచ్చినది. 1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణాపై దాడికి బూర్వమే ఆయన గ్రామగ్రామమున దిరిగి కల్లు మానుడనియు, ఖద్దరు ధరింపుడనియు, తగవులు పంచాయతులలో దీర్చుకొనుడనియు బోధించిన సంగతి చరిత్ర కెక్కినది. ఆ విప్లవమునకు దగ్గఱి కారణములలో నొకటి మీ తాతలకు తెలిసినదే. నర్సీపట్నమునుండి చింతపల్లికి రోడ్డు వేయించుచు గూడెపు డిప్యూటీ తహసీలుదారు బాస్టియను చాలినంత కూలి ఈయక పని చేయించుకొనెను. కూలి లేని పని! దీనిని జ్ఞప్తియం దుంచుకొనుడు. నమూనాల ప్రస్తావనలో మరల దీని యవసరము కలుగును.

ఖద్దరనగా మన యుత్తర కోస్తాలో పొందూరు. అచ్చటి సన్నని నూలు వార్త విని 1921 ప్రాంతమున గాంధీమహాత్ముడు తన కుమారుడు దేవదాసును పంపి విచారింపజేసిరని చెప్పుదురు. పొందూరున వాలుగచేప దవడతో ప్రత్తిని దువ్వుదురు. ఆ దవడయందలి సన్నని పండ్లు గింజకు అంటిన పోగులను సరిచేసి చెత్తను విడదీయును. ఏ యంత్రశాలయు దీనికి బదులు సాధనమును కల్పింపలేదు. ఆ ప్రత్తిలో కొండపత్తి యను రకము కొండ ప్రాంతముల పంట. పునాసపత్తి, ఎఱ్ఱపత్తి మఱి రెండు. ఆ స్త్రీలు వడికిన నూలు నూఱవ నంబరుకు దాకును. ఇదంతయు మగ్గము చేరుటకు ముందటి పని. నగరమునుండి వచ్చిన రూపకర్త సామాన్యముగా మగ్గము నొద్ద కూర్చుండి ఛాయాచిత్రము తీయించుకొనును. దవడతో దువ్వినామె యింటి చీకటి మూలలోనికి పోయినవారు తక్కువ. గుడ్డలోని మెత్తదనము మగ్గమున బుట్టదు. ఆమె యొడిలో బుట్టును. ధర నిర్ణయమగునపుడు ఆమె లెక్కలోనికి వచ్చుచున్నదా?

స్వాతంత్ర్యానంతరము ప్రభుత్వము రూపకల్పనను తన బాధ్యతగా గైకొనెను. 1952లో అఖిలభారత చేనేత మండలియు, 1956 మొదలు నేతగాండ్ర సేవాకేంద్రములును ఏర్పడినవి. 1958లో అమెరికా దంపతులు చార్లెస్ ఈమ్సు, రే ఈమ్సులు భారతీయ రూపకల్పననుగూర్చి నివేదిక యీయగా 1961లో అహమ్మదాబాదున జాతీయ రూపకల్పనా సంస్థ పుట్టినది. కమలాదేవీ చట్టోపాధ్యాయ, పుపుల్ జయకర్ ఆ కాలపు దొడ్డ పేర్లు. కె.జి. సుబ్రమణ్యన్ వంటి చిత్రకారులు సేవాకేంద్రములలో ఉద్యోగించి మగ్గమునకు నమూనాలు గీసిరి. ఆ సంవత్సరముల మేలు లెక్కింపదగినదే. కాని 2020లో చేనేత మండలిని రద్దుపఱచిరి. దానివలన ప్రళయము రాలేదు నిజమే. నేతగాడు తన మాటను ఢిల్లీలో నధికారికముగా వినిపించుటకున్న కిటికీ మాత్రము మూతపడినది. కిటికీ తెఱలు నేయువానికి కిటికీ లేకపోవుట విపరీతము గదా!

రూపకర్తయు నేతగాడును కలిసి మేలొందిన దృష్టాంతము మన తెలుగు నేలపైనే గలదు. భూదానమునకు జన్మస్థలమైన పోచంపల్లియు, పుట్టపాక మొదలగు చుట్టుప్రక్కల గ్రామములును నేడు కట్టు అద్దకపు చీరలకు పేరొందినవి. నూలును చిలపగా నుండగనే గీతల ననుసరించి కట్టుగట్టి, రంగులో ముంచి, విప్పి, మరల కట్టి, తుదకు పడుగును పేకయు మగ్గముపై కలిసినపుడు చిత్రము తేలును. ఆ విద్య చీరాలలో తేలియా రుమాళ్లుగా నుండెను. నూనెలో నానిన నూలు గనుక ఆ పేరు. పోచంపల్లి నేత చీరకే కట్టుబడక పాన్పు కప్పులు, తెఱలు, బల్లగుడ్డలుగా దేశాంతరములకు బోవుటకు కారకులైనవారిలో సురయ్యా హసన్ బోస్ గారొకరు. ఆమె 1928లో పుట్టి 2021లో గతించినది. జైహింద్ అను నినాదమును కల్పించిన ఆబిద్ హసన్ సఫ్రానీగారు ఆమెకు పినతండ్రి వరుస. హైదరాబాదులో కుటీరపరిశ్రమల యంగడిలో పనిచేసి, ఢిల్లీలో పనిచేసి, తిరిగి వచ్చి దర్గా హుస్సేన్ షా వలీ చెంత మగ్గములు నెలకొల్పినది. అంతరించుచున్న హిమ్రూ నేతను విధవలగు స్త్రీలకు నేర్పించి వారిచేతనే నేయించినది. వారి బిడ్డలకొఱకు ఆ యావరణముననే పాఠశాల నడిపినది.

ఆమె పనిలో నాకు మిక్కిలి నచ్చిన విషయము ఆ పాఠశాలయే. నమూనాలు గీయువారు నూర్వు రుందురు. మగ్గము ప్రక్కన బడి కట్టినవా రెందఱు? నేయు తల్లి యొకవంక పేక వేయుచు, మఱియొకవంక బిడ్డ పాఠము వినుచు నుండినచో ఆ గుడ్డకు గల నిలుకడను ఏ ముద్రయు, ఏ ధ్రువపత్రమును ఈయజాలదు. మఱియొక సంగతి. ఆమె యేటికొక క్రొత్త మోజు కొఱకు పాఱలేదు. ఒక నమూనాను పట్టుకొని యేండ్ల తరబడి నేయించినది. నేతగాని చేయి దానికి అలవడినది, కొనువాని కన్ను దానికి అలవడినది. నేటి విపణివీథిలో ఋతువున కొక రంగు పుట్టి ఋతువుతో చచ్చుచున్నది. అట్టి వేగమునకు మగ్గము తగదు.

ఎందుకు తగదో లెక్క చెప్పెదను. ఇద్దఱు పరుండు మంచమునకు 90 అంగుళముల వెడల్పు, 108 అంగుళముల పొడవు గల దుప్పటి కావలెననుకొనుడు. మన గుంటమగ్గములలో పెక్కు చీరకొఱకు కట్టినవి. వెడల్పు 48 అంగుళముల దరిదాపు. కావున రెండు పాయలు నేసి నడుమ అతుకవలెను. అంగుళమునకు 40 పేకపోగులు వేయుదుమేని ఒక పాయకు 4,320 మారులు నాడె ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు పోవలెను. రెండింటికి 8,640. రూపకర్త కాగితముపై చూచి, గుడ్డ కొంచెము పలుచగా నున్నది, అంగుళమునకు 44 చేయుడు అని సులువుగా ననును. నాలుగే పోగులు! ఆ నాలుగు పోగుల మాటతో దుప్పటికి 864 మారులు చేయి కదలిక పెరిగినది. కూలి గజమునకు ఇంతయని కట్టియున్నచో ఆ 864 మారులును నేతగాని యుచిత దానమైపోవును. నేను రూపకర్తలను కోరునది యొక్కటే: నమూనా గీయుటకు ముందు ఒక వారము మగ్గమున కూర్చుండి యా నాలుగు పోగులను స్వయముగా వేసి చూడుడు. రంగులను గూర్చిన పెక్కు సందేహములు కూడ అచ్చటనే తీఱును.

పడుగు సంగతి యింతకన్న కఠినము. ఒకే తీరు పడుగైనచో పాత పోగుల కొనలకు క్రొత్త పోగులు ముడివేసి సాగింపవచ్చును. నూలు నంబరు మార్చి, పోగుల సంఖ్య మార్చినచో అచ్చు మార్చవలెను. వందలకొలది పోగులను మరల నొక్కటొక్కటిగా దూర్పవలెను. ఆ దినములలో గజమైనను గుడ్డ దిగదు. గజపు కూలియు రాదు. రూపకర్త నమూనా అడుగును. నేతగాడు పడుగు వేసి, అచ్చు కట్టి, రంగు తెప్పించి, రెండు గజములు నేసి యిచ్చును. దానిని తీసికొని యాతడు ప్రదర్శనమునకు బోవును. ఆర్డరు వచ్చెనా సరి. రాకున్న మిగిలిన రంగు నూలు నేతగాని యింటి దూలమునకు వ్రేలాడుచుండును. ఇట్టి నూలు వ్రేలాడు దూలములను నేను పెక్కింట జూచితిని. రోడ్డు పనికి కూలి ఈయని తహసీలుదారును మన మన్యము మఱవలేదు. నమూనాకు కూలి ఈయనివానిని మాత్రము కళాపోషకుడని యేల సన్మానింపవలెను?

2019-20 నాటి నాలుగవ చేనేత గణనము ప్రకారము దేశమున 35 లక్షలకు పైబడిన చేనేత పనివారు గలరు. వారి కుటుంబములలో నూటికి 66కు మించినవి నెలకు 5,000 రూపాయలకు లోబడిన యాదాయము గలవి. ఈ యంకెను ప్రక్కనుంచుకొని, నగరపు టంగడిలో చేనేత తెఱపై వ్రాసిన ధరను చూడుడు. నడుమ నున్నదంతయు దోపిడి యనను. రవాణా గలదు, అంగడి యద్దె గలదు, అమ్ముడు పోని సరకు గలదు. కాని ఆ లెక్క నేతగానికి చూపినవారు కానరారు. లెక్క చూపని భాగస్వామ్యము భాగస్వామ్యమగునా?

శాసనము కొంత రక్షణ మిచ్చినది. 1985 నాటి శాసనము కొన్ని రకములను చేమగ్గమునకే ప్రత్యేకించినది. మొదట 22 రకములు, నేడు 11. వానిలో పాన్పు దుప్పట్లును, గదుల నలంకరించు గుడ్డలును, జంపఖానాలును గలవని చాలమంది యెఱుగరు. 1993లో సుప్రీముకోర్టు ఈ శాసనము చెల్లునని తీర్పు చెప్పినది. అయినను కట్టు అద్దకపు చిత్రమును యంత్రముపై అచ్చువేసి పోచంపల్లి పేర నమ్ముట మీరు సంతలో జూచుచునే యున్నారు. భౌగోళిక సూచిక పేరును కాపాడును. పేరు వేయక చిత్రమును మాత్రము దొంగిలించినవాని నది పట్టజాలదు.

ఇప్పుడు మీ కొండలకు వచ్చెదను. రూపకర్తలు ఈ ప్రాంతములకు రెండు వస్తువుల కొఱకు వచ్చుచున్నారు. రంగు కొఱకు, తీరు కొఱకు.

రంగు విషయమున పొరుగు కోరాపుట్ జిల్లాలోని కోట్‌పాడ్ మనకు పాఠశాల వంటిది. అచ్చటి మిర్గాను నేతపనివారు తొగరుచెట్టు వేరుబెరడుతో, ఆముదము, బూడిద, పేడలతో వారముల తరబడి నూలును సంస్కరించి గంభీరమైన ఎఱుపు తీయుదురు. అన్నభేది చేర్చి నలుపు, ముదురు గోధుమవన్నె తీయుదురు. కోట్‌పాడ్ చేనేతకు 2005లో భౌగోళిక సూచిక వచ్చెను. అచ్చటి నేతకళాకారులు గోవర్ధన్ పనికాగారికి 2018లో పద్మశ్రీ వచ్చెను. సంతోషకరమే. కాని వేరనగా నేమి? ఆకును కోసినచో మరల చిగిర్చును, కాయను ఏఱినచో చెట్టు నిలుచును, వేరును త్రవ్వినచో? పదిమంది యక్కచెల్లెండ్రు కట్టు చీరలకు అడవి ఈయగలిగిన రంగును పది నగరముల కిటికీలకు ఈయగలదా? ప్రకృతి వర్ణమన్న మాటతోడనే వస్తువు పవిత్రమైపోదు. తొగరు మొక్కలు నాటి, పెంచి, యేండ్లకు త్రవ్వు ఏర్పాటు లేనిచో ఈ సుస్థిరత యను మాటను నేను విశ్వసింపను. పైగా 2006 నాటి అటవీహక్కుల శాసనము సన్నకారు అటవీ ఫలసాయముపై స్వామ్యమును మీ కిచ్చినది. కరక్కాయ లేనిదే పెక్కు చెట్ల రంగులు నూలునకు చక్కగా పట్టవు. పటికతో గలిపి దానినే వాడుదురు. ఆ కరక్కాయను మీ స్త్రీలు ఏఱుదురు. రంగు గుడ్డ ధరలో ఏఱినామె పాలెంత యని అడుగు హక్కు మీకు గలదు, గ్రామసభలో నడుగుడు.

ఒక్క మాట పసుపును గూర్చి. మీ పసుపు శ్రేష్ఠమే గాని తెఱకు పనికిరాదు; ఎండ తగిలిన వెలిసిపోవును. నీలి యెండకు నిలుచును. ఇట్టి యనుభవమును కొనువానికి ముందుగా జెప్పినచో గుడ్డ త్రిప్పి పంపు తగవులు సగము తగ్గును. కె.వి. చంద్రమౌళిగారు మన రాష్ట్రమున చెట్ల రంగులను మరల వాడుకలోనికి దెచ్చుటకు చేసిన కృషి యిట్టి యనుభవములను కూడబెట్టినది. మీ కొండ దిగువనే యున్న ఏటికొప్పాకలో లక్కబొమ్మలకు చెట్ల రంగులను పునరుద్ధరించిన సి.వి. రాజుగారి పనియు నట్టిదే. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. నూలు విషయమున మల్ఖా యను ప్రయత్నమును గూర్చి విచారింపుడు. ఉజ్రమ్మగారు మొదలగువారు ప్రారంభించిన దది. ప్రత్తిని బేళ్లుగా నొక్కి, నొక్కినదానిని మరల కొట్టి విప్పు మిల్లు పద్ధతిని విడిచి, పండిన ప్రాంతముననే చిన్న యంత్రములతో వడికించుట వారి మార్గము. నొక్కని పోగు మెత్తగా నుండును, రంగును బాగుగా త్రాగును. తెఱలకును దుప్పట్లకును అట్టి గుడ్డ తగును.

తీరు విషయము మఱింత సున్నితము. అరకు, ముంచింగిపుట్టు ప్రాంతముల గదబ స్త్రీలు పూర్వము కెరంగు అను నారను నూలుతో గలిపి, చట్రము లేని చిన్న మగ్గముపై చారల గుడ్డ నేసికొనుచుండిరి. 1909లో వెలువడిన థర్‌స్టన్ గారి గ్రంథమున దాని వర్ణనము గలదు. నేడు దానిని నేయు చేతు లరుదు. ఆ చారలను చూచి ముచ్చటపడి దిండు గలీబులపై వేసికొందుమనువారు రేపు రావచ్చును. వేసికొనుట తప్పని నేననను. కాని ఆ చారకు గదబల పేరు పెట్టి, ఒక్క గదబ స్త్రీకైన పని కల్పింపక, వేఱొక పట్టణమున మరమగ్గముపై నేయించుటను ఏమందుము? నియమగిరి డోంగ్రియా కోంధుల శాలువను చూడుడు. గుడ్డ నేయువారు పొరుగు డొంబులు. దానిపై ఎఱుపు, పసుపు, పచ్చని దారములతో సూదిపని చేయువారు డోంగ్రియా కన్యలు. దానిని కపడాగండా యందురు. ఆ త్రికోణములు తమ కొండలని వారి భావన. ప్రేమతో కుట్టి సోదరునికో, ప్రియునికో యిచ్చు వస్తువది. అంగడి కొఱకు బుట్టినది కాదు. ఇతరు లనుకరించి అమ్ముకొనుచుండగా వారు సంఘముగా గూడి 2024 జనవరిలో భౌగోళిక సూచికను సంపాదించుకొనిరి. ఈ సభలోని యువజనులు దీనిని గమనింపుడు. దొంగతనము జరిగిన పిమ్మట అర్జీ పెట్టుకొనుటకన్న, మీ గ్రామములందు మిగిలియున్న పాత గుడ్డలను, చాపల యల్లికలను, రంగుల పేర్లను, చేయు విధమును మీ భాషలో ముందుగా వ్రాసి పెట్టుకొనుట మేలు. ఆ వ్రాత మీ గ్రామసభ పెట్టెలో నుండవలెను. ఎవని గణకయంత్రములోనో కాదు.

ఇంతకును ఈ గృహవస్త్రములను కొనువా రెవరు? నగరపు సంపన్నులు, విదేశములు అని రూపకర్త లెప్పుడును జెప్పుదురు. నేను వేఱొక కొనుగోలుదారుని చూపెదను. 2022 ఏప్రిలులో అల్లూరి సీతారామరాజు జిల్లా యేర్పడినది. ఈ జిల్లాలో ఆశ్రమ పాఠశాల లెన్ని యున్నవో మీకు తెలియును. ఆ బాలబాలికలందఱకును పఱచుకొను జంపఖానా, కప్పుకొను దుప్పటి కావలెను. ఆ చలి ముందే చెప్పితిని. మోటు నూలుతో దట్టముగా నేసిన జంటపొరల దుప్పటియొకటి మన రూపకర్తలు కల్పింపరాదా? ఉదుకుటకు తేలిక కావలెను, ఆఱుటకు వర్షాకాలమున త్వర కావలెను, మురికి కానరాని రంగు కావలెను, నాలుగేండ్లు చిరుగరాదు, ధర ప్రభుత్వ మీయగలిగినదై యుండవలెను. ప్రదర్శనశాలలో వ్రేలాడదీయు తెఱకన్న నిది కష్టమైన సమస్య. అందువలననే ఇది నిజమైన రూపకల్పన యని నేను తలంచుచున్నాను. ఓరుగల్లు కొత్తవాడ జంపఖానాల పనివారికి మోటు నేత కొట్టినపిండి; వారి సరకునకు 2018లో భౌగోళిక సూచిక వచ్చినది. వారిలో నిద్దఱిని రప్పించి మీలో పదిమందికి నేర్పించినచో మగ్గము లేని ఊరని గూడెమును అనువా రుండరు. ఋతువుతో మారని గిరాకి, ఏటేట తప్పని గిరాకి యిది. నగరమునకు పంపు తెఱలు దానిపై లాభముగా నుండనిండు, పునాదిగా నుండరాదు.

రూపకర్తలతో ఒప్పందము వ్రాసికొనునపుడు మీ భాషలో వ్రాయుడు. నమూనాకు గజముల లెక్కన గాక దినముల లెక్కన కూలి నడుగుడు. ఆర్డరు రద్దయినచో రంగువేసిన నూలు ఎవరిదో ముందే వ్రాయుడు. నేతగాడు స్వయముగా కల్పించిన మార్పునకు అతని పేరు నమూనాపై నుండవలెను. అచ్చువాడు, రంగువాడు, నూలు వడికినామె - వీరి పాళ్లు వేఱువేఱుగా కనబడవలెను. అంగుళము తక్కువయైన దుప్పటిని త్రిప్పి పంపు హక్కు కొనువాని కున్నట్లే, చెప్పిన నాటికి సొమ్ము రాకున్నచో గుడ్డను వేఱొకని కమ్ముకొను హక్కు నేయువాని కుండవలెను. ఇవి యేవియు గొప్ప కోరికలు గావు. వీనికి వెనుకాడు రూపకర్తను గౌరవముతో కొండ దింపి పంపుడు.

ఇంకొక విషయము మిగిలినది. దానిని నేను తేల్పజాలను. 90 అంగుళముల దుప్పటి అతుకు లేక నేయవలెనన్న వెడల్పు మగ్గము కావలెను. దానికి అచ్చు వేఱు, దోనె వేఱు. నాడెను ఆ దూరము విసరుటకు చేతి బలము వేఱు. ఒక్కరు చాలరని కొందఱును, చాలునని కొందఱును నాతో ననిరి. ఆ మగ్గపు వ్యయమును రూపకర్త భరింపవలెనా, సంఘము భరింపవలెనా, ఐటీడీఏ భరింపవలెనా యని మీరు చర్చింపుడు. నాకన్న ఈ సంగతి తెలిసినవారు ఈ సభలో నున్నారు. దేశపు చేనేత పనివారిలో నూటికి 72 మంది స్త్రీలు. ఈ వేదికపై ఇంతవఱకును మాటలాడినవార మందఱము పురుషులము. తరువాతి వంతు వారి కిప్పించి, మొదట పొందూరునుండి వచ్చిన అక్కలు ఆ వెడల్పు మగ్గమును గూర్చి యేమందురో విననిండని అధ్యక్షులవారిని వేడుకొనుచున్నాను.